ఇరవై మూడో ట్రాకు

చావులమదుం దగ్గర మేడమీద గది.
ఫ్యాను చప్పుడు అడ్డమని ఆపేసి
చెమటలో కూర్చుని వింటున్నాను.

సూరప్పడుగారి వీడియో
నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు.
పోర్టులో ముప్ఫైనాలుగేళ్లు క్రేను నడిపిన మనిషి
శనివారం చివరిసారి దిగుతాడు.
అడ్వాన్సు చేతిలో పెడుతూ యూనియన్ వాళ్లు
ఒక్క మాటే చెప్పారు:
"సన్నాయొద్దు, ఏడుపు వయొలినొద్దు.
మా కాలంనాటి మిషను మ్యూజిక్కెయ్యమ్మా,
కుయ్యికుయ్యిమంటాది సూడు, అది."

వెతికితే వందలు దొరికాయి.
ఒకదాని అట్టమీద గులాబీరంగు సూర్యుడు,
ఒకదానిమీద ఈతచెట్ల నడుమ ఎర్రకారు.
ఈ సంగీతంలో ఎప్పుడూ రాత్రే.
ఎవరికీ తెల్లారి డ్యూటీ ఉండదు,
క్యారేజీలో చారు ఒలికిపోదు.

ఒక్కొక్కటీ తెచ్చి క్రేను కింద పరిచాను.
నాలుగోది వేస్తే క్రేను సబ్బు ప్రకటన అయింది.
తొమ్మిదోదానికి సూరప్పడుగారు
బ్యాంకు దోచడానికి నిచ్చెనెక్కుతున్నట్టున్నారు.
పద్నాలుగోది బాగుంది, మరీ బాగుంది,
యారాడ కొండ వెనక్కి జరిగి
ఇంకెవరిదో సముద్రం వచ్చి నిలబడింది.

అప్పుడు గుర్తొచ్చాడు ఎర్నాయుడు మావయ్య.
వినాయక పందిళ్లలో కీబోర్డు వాయించేవాడు.
విరిగిన మీట కింద అగ్గిపుల్ల,
పక్కన రిథమ్ క్యాసెట్టు.
అల్లిపురంలో వోల్టేజీ పడిపోతే
క్యాసెట్టు నీరసించి
తాళం సాగేది, శ్రుతి జారేది.
మావయ్య పాడేవాడివైపు చూసి
కనుబొమలతోనే, కిందికి దిగు, అనేవాడు.
ఇద్దరూ కలిసి దిగేవారు.
జనం అదే పాటనుకుని చప్పట్లు కొట్టేవారు.

ఇరవై మూడో ట్రాకులో ఆ జారుడుంది.
పాత టేపులా వినబడాలని
ఎవరో పనిగట్టుకుని వణికించారట.
మాకది వద్దన్నా వచ్చేది.

అదే వేశాను.
గాలి హోరు, మోటారు రొద
శుభ్రంగా తుడిచేసి మరీ వేశాను.

సాయంత్రం ఆయన వచ్చి
ప్లాస్టిక్ స్టూలు అంచున కూర్చున్నాడు.
చేతులు రెండూ మోకాళ్లమీద,
వేళ్లు మాత్రం లేని లివర్లు పట్టుకుని.
చూసినంతసేపూ మాట్లాడలేదు.
"రెండో నిమిషం కాడ వొణుకుతాది సూడు,
పాతిక టన్నులెత్తితే నా బండీ
అలాగే వొణికీది. నీకెవలు సెప్పేరు?"

ఎవరూ చెప్పలేదన్నాను.
అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు.

మళ్లీ వెయ్యమన్నాడు.
కొక్కెం ఒక్కటే ఆకాశంలో వేలాడే చోట
చెయ్యెత్తాడు, బ్రేకు వేసినట్టు.
"ఇక్కడ పాటొద్దమ్మా.
కొక్కెం కాళీగున్నప్పుడు గాలి మాటాడతాది.
సరుకున్నంతసేపూ దానికి నోరుండదు.
ఏదీ, గాలేదీ?"

చెత్తబుట్టలో పారేసిన ఫైలు కోసం
అరగంట వెతికాను.
ఆయన కిటికీలోంచి
బస్సులు చూస్తూ నిలబడ్డాడు.
దొరికింది. ఏడు సెకన్లు.
తీగలమీద ఈల, ఎక్కడో కింద
"ఆపు, ఆపు" అని ఎవరిదో కేక.
"అది కోటేసు," అన్నాడు. అంతే.
కోటేసు ఎవరని అడగబోయి ఆగాను.

ఆ ట్రాకు ఉచితమే, పేరు వేస్తే చాలట.
ఆఖర్న సన్న అక్షరాల్లో వేశాను.
పేరు బదులు ఒక అంకె పెట్టుకున్నాడు,
ఏ చలిదేశపు గదిలో కూర్చున్నాడో.
పాతిక టన్నుల సంగతి అతనికి చెప్పాలనిపించింది,
ఏ భాషలో చెప్పాలో తోచలేదు.

ఫైలు తయారవుతోంది, అరవై శాతం.
హార్డుడిస్కుమీద వేలు రాస్తే
ఎర్రగా అంటింది ఖనిజపు దుమ్ము.

సూరప్పడుగారు వెళ్తానని లేచాడు.
మేడమెట్లు దిగేటప్పుడు చూశాను,
వీపు వీధికి పెట్టి, మొహం మెట్లకు పెట్టి,
ఒక్కో మెట్టూ కాలితో తడిమి దిగుతున్నాడు.